పాస్‌పోర్టు చరిత్ర: అభయ శాసనం నుంచి హక్కు పత్రం వరకు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• పాస్‌పోర్టుకు పూర్వరూపాలైన ముద్ర, అభయ శాసనం, కార్తాజ్‌లను గుర్తించగలుగుతారు.
• వలస పాలనలో ప్రయాణికుడి పత్రానికీ, కూలీ పాసుకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• 1967, 1978 నాటి సుప్రీంకోర్టు తీర్పుల ప్రాముఖ్యాన్ని అంచనా వేయగలుగుతారు.
• 1983 వలసల చట్టం, ఈసీఆర్ విధానం తెలంగాణ గల్ఫ్ వలసలపై చూపిన ప్రభావాన్ని చర్చించగలుగుతారు.
• పాస్‌పోర్టుదారుకు తెలియవలసిన ముఖ్య నియమాలను చెప్పగలుగుతారు.

1. పరిచయం

నర్సాపూర్ నుంచి మెదక్ వెళ్లే దారిలో కౌడిపల్లి మండల కేంద్రం ఉంది. మెదక్ ప్రాంతంలోని ఇటువంటి ఊళ్లలో కొన్ని దశాబ్దాలుగా పాస్‌పోర్టు అంటే విహారయాత్ర పత్రం కాదు, బతుకుదెరువు పత్రం. వానలు ముఖం చాటేసి, బోరు ఎండి, అప్పు తీరే దారి కనిపించనప్పుడు రైతు కుటుంబం ఆలోచించే మార్గాల్లో దుబాయి ఒకటి. ఆ మార్గానికి మొదటి మెట్టు పాస్‌పోర్టు.

అయితే ఈ చిన్న పుస్తకం గురించి మనకు తెలిసింది తక్కువ. అది ఎవరి ఆస్తి? దాన్ని ఎవరు తీసుకోవచ్చు, ఎవరు తీసుకోకూడదు? ఇవ్వనంటే కారణం చెప్పాలా? ఒకే దేశ పౌరుల్లో కొందరి పాస్‌పోర్టు మీద ఒక ముద్ర ఉండి, మరికొందరి దాని మీద ఎందుకు ఉండదు? ఈ ప్రశ్నలకు జవాబులు నిబంధనల పుస్తకంలోనే కాక చరిత్రలో కూడా ఉన్నాయి.

మన దేశంలో పాస్‌పోర్టు చరిత్ర రెండు పాయలుగా నడిచింది. ఒకటి చదువుకో, వ్యాపారానికో వెళ్లే ప్రయాణికుడి పత్రం. రెండోది కూలికి వెళ్లే మనిషి పాసు. మొదటిది గౌరవ సూచకం, రెండోది అదుపు సాధనం. ఈ రెండు పాయలు ఎక్కడ మొదలయ్యాయో, ఎక్కడ కలిశాయో, ఎక్కడ ఇంకా కలవలేదో పరిశీలించడమే ఈ పాఠం ఉద్దేశం.

2. పూర్వరూపాలు

2.1 కౌటిల్యుని ముద్ర

రాజ్యంలోకి రావడానికీ, పోవడానికీ అనుమతి పత్రం ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో ముద్రాధ్యక్షుడనే అధికారి కనిపిస్తాడు. అతడు ఒక మాషం రుసుము తీసుకుని ముద్ర ఇస్తాడు. ముద్ర ఉన్నవారికే జనపదంలోకి రాకపోకలు సాధ్యం. లేకుండా పట్టుబడిన స్వదేశీయుడికి 12 పణాల జరిమానా. దొంగ ముద్రతో దొరికితే శిక్ష ఇంకా ఎక్కువ, ఆ దొరికినవాడు విదేశీయుడైతే అన్నింటికంటే పెద్ద దండన. అంటే రుసుము, తనిఖీ, నకిలీ పత్రానికి శిక్ష అనే మూడు అంశాలూ ఆనాటికే ఉన్నాయి.

2.2 మోటుపల్లి అభయ శాసనం

తెలుగు నేల మీద ఇందుకు భిన్నమైన మరో సంప్రదాయం కనిపిస్తుంది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో కోస్తాలోని మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. అంతకు ముందు తుపానుకు ఓడలు దెబ్బతిని తీరానికి కొట్టుకు వస్తే పాలకులు అందులోని సరుకునంతా స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతిని రద్దు చేసి, సముద్ర వ్యాపారుల నుంచి ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటామని అభయమిచ్చాడు. ఇది వ్యక్తి చేతికిచ్చిన పత్రం కాదు, రేవులో నిలబెట్టిన రాతి హామీ. అయినా పాస్‌పోర్టులోని ముఖ్య భావం ఇందులో ఉంది. పరాయి నేల మీద అడుగుపెట్టిన మనిషికి రక్షణ కల్పిస్తానని ఒక రాజ్యం మాట ఇవ్వడమే ఆ భావం.

2.3 కార్తాజ్, దస్తక్

16వ శతాబ్దంలో పోర్చుగీసువారు హిందూ మహాసముద్రంలో తిరిగే ఓడలన్నీ తమ వద్ద కార్తాజ్ అనే పత్రం తీసుకోవాలని ఒత్తిడి తెచ్చారు. అది లేని ఓడను పట్టుకుని సరుకు లాక్కునేవారు. మచిలీపట్నం రేవు నుంచి నడిచే గోల్కొండ నౌకలకూ ఈ బెడద తప్పలేదు. తరువాత ఈస్టిండియా కంపెనీ వారి దస్తక్ సరుకుకు సుంకం మినహాయింపు పత్రంగా పనిచేసింది. మోటుపల్లిలో పత్రం బలహీనుడికి ఇచ్చిన అభయం. కార్తాజ్‌లో అది బలవంతుడు వసూలు చేసే మామూలు. పాస్‌పోర్టుకు మొదటి నుంచీ ఈ రెండు ముఖాలూ ఉన్నాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
(అ) ముద్రాధ్యక్షుని విధులేమిటి?
(ఆ) మోటుపల్లి శాసనాన్ని పాస్‌పోర్టు భావనకు పూర్వరూపంగా ఎందుకు పరిగణించవచ్చు?

3. వలస పాలన: కూలీ పాసు

1834లో బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. ఆ లోటును పూరించడానికి ఒప్పంద కూలీల పద్ధతి వచ్చింది. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి, మద్రాసు రాష్ట్రంలోని ఇతర ప్రాంతాల నుంచి తెలుగువారు మారిషస్, నేటాల్, ఫిజీలకు వెళ్లారు. 1860 నవంబరు 16న నేటాల్‌లోని డర్బన్ రేవుకు చేరిన ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందిని తీసుకువెళ్లింది. దక్షిణాఫ్రికా తెలుగువారి చరిత్ర ఆ కాలంతోనే మొదలవుతుంది. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు సుమారు 60 వేల మంది భారతీయులు వెళ్లారు. వారిలో 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా వెళ్లిన తెలుగు, తమిళ కూలీలూ ఉన్నారు.

ఈ కూలీలకు పాస్‌పోర్టు లేదు, ఎమిగ్రేషన్ పాసు ఉండేది. అందులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటి మీది గుర్తులు రాసేవారు. ఈనాడు ఫిజీ, దక్షిణాఫ్రికా, మారిషస్‌లలోని తెలుగు కుటుంబాలు తమ పూర్వికుల ఊరు ఏదో తెలుసుకోవాలంటే ఆ పాసులే ఆధారం. చరిత్రకారుడికి అవి అమూల్యమైన పత్రాలు. కానీ వాటిని రాయించిన ఉద్దేశం వేరు. పారిపోయిన కూలీని గుర్తించి పట్టుకోవడానికీ, ఒప్పంద కాలం పూర్తయిందో లేదో లెక్క చూసుకోవడానికీ అవి పనికివచ్చేవి.

కూలీల ఎగుమతిని పర్యవేక్షించడానికి రేవు పట్టణాల్లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే అధికారిని నియమించారు. వలసదారుల సంరక్షకుడని ఆ పదవికి అర్థం. ఈ పేరును గుర్తుంచుకోండి, పాఠం చివరి భాగంలో మళ్లీ వస్తుంది.

గుర్తింపు పత్రం అవమాన చిహ్నంగా మారితే ప్రజలు ఎలా స్పందిస్తారో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ చూపించింది. ఆసియా వాసులంతా వేలిముద్రలతో నమోదు చేయించుకుని పత్రం వెంట ఉంచుకోవాలన్న చట్టానికి వ్యతిరేకంగా గాంధీజీ నాయకత్వంలో సత్యాగ్రహం జరిగింది. 1908 ఆగస్టు 16న జోహానెస్‌బర్గ్‌లోని హమీదియా మసీదు ఆవరణలో 2 వేలకు పైగా పత్రాలను తగలబెట్టారు. వారు వ్యతిరేకించింది కాగితాన్ని కాదు. ఒక జాతి వారికి మాత్రమే ఆ కాగితాన్ని తప్పనిసరి చేయడాన్ని.

బర్మా విషయం వేరు. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి తెలుగువారు వేలాదిగా రంగం వెళ్లేవారు. రంగూన్‌ను మనవాళ్లు రంగం అన్నారు. అప్పట్లో బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం కనుక పాస్‌పోర్టు ప్రసక్తి లేదు. 1937లో బర్మా వేరు పడడంతో నిన్నటి వరకు రాష్ట్రంగా ఉన్న ప్రాంతం పరాయి దేశమైంది. మనిషి కదలకపోయినా సరిహద్దు కదలగలదని, అతడిని ఒక్క రాత్రిలో విదేశీయుణ్ణి చేయగలదని దీనివల్ల తెలుస్తుంది.

4. యుద్ధం తెచ్చిన పాస్‌పోర్టు

నేటి పాస్‌పోర్టు మొదటి ప్రపంచ యుద్ధం బిడ్డ. 1914కు ముందు అనేక దేశాల మధ్య సంపన్న ప్రయాణికుడు పాస్‌పోర్టు లేకుండానే తిరగగలిగేవాడు. యుద్ధకాలంలో గూఢచారుల భయంతో అన్ని దేశాలూ దాన్ని తప్పనిసరి చేశాయి. మన దేశంలో 1917లో భారత రక్షణ పాస్‌పోర్టు నియమాలు వచ్చాయి. యుద్ధం ముగిసింది కానీ తాత్కాలికంగా వచ్చిన ఏర్పాటు స్థిరపడింది. 1920లో దేశంలోకి ప్రవేశించేవారి కోసం పాస్‌పోర్టు చట్టం చేశారు. ఆ చట్టం 100 ఏళ్లకు పైగా అమలులో ఉండి, 2025లో వచ్చిన వలస, విదేశీయుల చట్టంతో రద్దయింది.

అదే 1920లో నానాజాతి సమితి పారిస్‌లో ఒక సదస్సు జరిపింది. పాస్‌పోర్టు 32 పేజీల పుస్తకంగా, ఒకే నమూనాలో, కనీసం రెండు భాషల్లో ఉండాలని అక్కడ సిఫారసు చేశారు. నేడు మన చేతిలో ఉన్న పుస్తకపు ఆకారం అక్కడి నుంచి వచ్చిందే.

ఇక 1922లో వచ్చిన వలసల చట్టం నైపుణ్యం లేని కూలీలు ప్రభుత్వం ప్రకటించిన దేశాలకు మాత్రమే, నిర్ణయించిన షరతులతోనే వెళ్లాలని నిర్దేశించింది. ఒప్పంద కూలీ పద్ధతిలోని ఘోరాలపై జాతీయ నాయకులు చేసిన పోరాట ఫలితంగా ఈ రక్షణ వచ్చింది. అయితే ఒక పరిణామాన్ని గమనించండి. 1920 చట్టం ప్రయాణికుడి కోసం, 1922 చట్టం కూలీ కోసం. రెండు పాయలకు రెండు చట్టాలు ఏర్పడ్డాయి.

5. హైదరాబాద్ సంస్థానం, దేశ విభజన

ఆ కాలంలో మెదక్ నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలో ఉంది. సంస్థానానికి సొంత నాణెం, సొంత తపాలా బిళ్లలు, సరిహద్దుల్లో కరోడ్‌గిరీ నాకాలు ఉండేవి. అయినా తెలంగాణ నేత కార్మికులు షోలాపూర్, భివండి, బొంబాయి వెళ్లడానికి పాస్‌పోర్టు అవసరం రాలేదు. విదేశం వెళ్లాలంటే మాత్రం సంస్థానవాసి హోదా వేరు. మద్రాసు రాష్ట్రంలో పుట్టిన తెలుగువాడు బ్రిటిష్ ప్రజ. మెదక్‌లో పుట్టిన తెలుగువాడు బ్రిటిష్ రక్షణలో ఉన్న వ్యక్తి. ఒకే భాష మాట్లాడే రెండు ప్రాంతాల వారికి రెండు హోదాలుండేవి. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చాక ఇద్దరూ భారత పౌరులయ్యారు.

దేశ విభజన పాస్‌పోర్టుకు కొత్త అర్థం తెచ్చింది. 1948 జులైలో పశ్చిమ పాకిస్తాన్ నుంచి వచ్చేవారికి పర్మిట్లు పెట్టారు. 1952 అక్టోబరు 15 నుంచి రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు పద్ధతి మొదలైంది. బంధువులను చూడడానికో, పని కోసమో అటు వెళ్లి, తిరిగి రావడానికి పాకిస్తాన్ పాస్‌పోర్టు తీసుకున్నవారి పౌరసత్వం చిక్కుల్లో పడింది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఇటువంటి వివాదాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 1962లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పీలు చేసిన ఒక కేసులో, ఒక వ్యక్తి భారత పౌరసత్వం కోల్పోయాడా లేదా అన్నది పౌరసత్వ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం తేల్చవలసిన విషయమని, అది తేలకముందే రాష్ట్రం అతడిని దేశం నుంచి పంపరాదని కోర్టు భావించింది. పాస్‌పోర్టు చేతిలో ఉన్నంత మాత్రాన అంతా అయిపోలేదు, విచారణ జరగాలి అన్నది ఇందులోని సారాంశం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
(అ) ఎమిగ్రేషన్ పాసులో ఏ వివరాలు ఉండేవి? వాటి ఉద్దేశం ఏమిటి?
(ఆ) 1937 తరువాత బర్మాలోని తెలుగువారి స్థితి ఎలా మారింది?

6. దయ నుంచి హక్కుకు: 1967

స్వాతంత్ర్యం వచ్చిన 20 ఏళ్ల వరకు విదేశం వెళ్లేవారికి పాస్‌పోర్టు ఎవరికివ్వాలి, ఎవరికి నిరాకరించాలి అని చెప్పే చట్టమే లేదు. 1920 చట్టం ప్రవేశానికి సంబంధించింది. నిష్క్రమణ విషయం ప్రభుత్వం ఇష్టానికే వదిలేశారు. పాస్‌పోర్టు లేనిదే ఓడలవారు గాని, విమాన కంపెనీలు గాని ఎక్కించుకోవు కనుక, ఇవ్వకపోవడమంటే ఆచరణలో ఆపేయడమే.

సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి తన పాస్‌పోర్టులను తిరిగి అప్పగించమని అధికారులు ఆదేశించడంతో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1967 ఏప్రిల్ 10న తీర్పు వచ్చింది. ఐదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరోవైపు నిలిచారు. మెజారిటీ తీర్పు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుది. రాజమండ్రిలో 1902లో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన తెలుగువారు ఆయన.

రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛలో విదేశ ప్రయాణ హక్కు కూడా ఉందని, చట్టం ద్వారా తప్ప దాన్ని హరించడానికి వీల్లేదని తీర్పు చెప్పింది. చట్టమే లేకుండా ఒకరికి ఇచ్చి మరొకరికి నిరాకరించడం 14వ అధికరణం చెప్పే సమానత్వానికీ విరుద్ధమని పేర్కొంది. జస్టిస్ హిదయతుల్లా, జస్టిస్ బచావత్ ఇందుకు అంగీకరించలేదు. తీర్పు వెలువడిన మరుసటి రోజే సుబ్బారావు పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల్లో పోటీకి దిగారు. అందువల్ల ఆయన పేరు చెప్పగానే అందరికీ గోలక్‌నాథ్ కేసు, ఆ ఎన్నిక గుర్తుకు వస్తాయి. సామాన్యుడి చేతికి పాస్‌పోర్టును హక్కుగా అందించిన ఈ తీర్పు అంతగా గుర్తుకు రాదు.

తీర్పు ఫలితం వెంటనే కనిపించింది. మొదట ఆర్డినెన్సు, ఆ తరువాత 1967 జూన్ 24న పాస్‌పోర్టుల చట్టం వచ్చాయి. నేటికీ మనకు వర్తించేది ఆ చట్టమే. ఏయే కారణాలతో నిరాకరించవచ్చో 6వ సెక్షను చెబుతుంది. నిరాకరిస్తే కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలని, అడిగితే ప్రతి ఇవ్వాలని 5వ సెక్షను చెబుతుంది. నిర్ణయం నచ్చకపోతే అప్పీలుకు 11వ సెక్షను దారి చూపుతుంది.

7. న్యాయమైన పద్ధతి: 1978

చట్టం ఉంటే చాలా? ఆ చట్టం చూపే పద్ధతి న్యాయంగా ఉండనక్కర్లేదా? ఈ ప్రశ్న మేనకా గాంధీ కేసులో వచ్చింది. 1977 జులైలో ఆమె పాస్‌పోర్టును ప్రజాహితం పేరుతో స్వాధీనం చేయమని ఉత్తర్వు వచ్చింది. కారణాలు చెప్పమంటే, చెప్పకపోవడమే ప్రజాహితమని ప్రభుత్వం జవాబిచ్చింది. 1978 జనవరి 25న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఒక వ్యక్తి స్వేచ్ఛను పరిమితం చేసే పద్ధతి న్యాయంగా, సమంజసంగా ఉండాలని, బాధితుడికి తన వాదన వినిపించుకునే అవకాశం ఇవ్వాలని స్పష్టం చేసింది. ఆమె వాదన వింటామని ప్రభుత్వం హామీ ఇవ్వడంతో కోర్టు ఆ ఉత్తర్వును నేరుగా కొట్టివేయలేదు. అయినా ఈ తీర్పు ప్రభావం పాస్‌పోర్టును దాటిపోయింది. జీవనోపాధి, న్యాయ సహాయం, ఖైదీల హక్కులు వంటి ఎన్నో అంశాల్లో తరువాతి తీర్పులకు ఇదే పునాది.

8. గల్ఫ్ వలసలు: పాత పాయ మళ్లీ పైకి

1973లో చమురు ధరలు పెరగడంతో గల్ఫ్ దేశాల్లో నిర్మాణ పనులు ఊపందుకున్నాయి. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, మెదక్ జిల్లాల నుంచి మేస్త్రీలు, కూలీలు, డ్రైవర్లు బయలుదేరారు. దళారుల మోసాలు కూడా పెరిగాయి. ఆ నేపథ్యంలో 1922 చట్టం స్థానంలో 1983 వలసల చట్టం వచ్చింది. ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు ప్రభుత్వం వద్ద రిజిస్టరు చేయించుకోవాలి. కొన్ని వర్గాలవారు కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లేముందు అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి ఇచ్చే అధికారి పేరు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్. చెరకు తోటల కాలం నాటి పదవి పేరు హైదరాబాద్ కార్యాలయంలో నేటికీ వాడుకలో ఉంది.

ఈ అనుమతి అవసరమైనవారి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా తదితర 18 దేశాలకు ఇది వర్తిస్తుంది. 10వ తరగతి గాని, అంతకు పై చదువు గాని ఉన్నవారికి, ఆదాయపు పన్ను చెల్లించేవారికి, 50 ఏళ్లు దాటినవారికి, మరికొన్ని వర్గాలకు మినహాయింపు ఉంది. ఇందులో చాలామందికి తెలియని రెండు విషయాలున్నాయి. మొదటిది, 2007 జనవరి నుంచి ఇచ్చిన పాస్‌పోర్టు మీద ఏ ముద్రా లేకపోతే అనుమతి అక్కర్లేదని అర్థం. అంతకు ముందు ఇచ్చిన వాటిలో లెక్క తలకిందులు, ముద్ర లేకపోతే అనుమతి కావాలని అర్థం. రెండోది, ఈసీఆర్ ఉన్నవారు కూడా ఉద్యోగానికి కాక చూడడానికో, యాత్రకో ఆ దేశాలకు వెళ్తే ఈ అనుమతి అవసరం లేదు.

ఈ రెండో నియమమే దళారులకు సందు అయింది. కూలీకి విజిట్ వీసా ఇప్పించి, చుట్టపుచూపుగా వెళ్తున్నానని చెప్పమని నేర్పి విమానం ఎక్కిస్తారు. అలా వెళ్లినవారికి ఒప్పంద పత్రం ఉండదు, బీమా ఉండదు, ప్రభుత్వం వద్ద లెక్కలో పేరే ఉండదు. సరైన అనుమతితో వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల రక్షణ ఉంటుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. రిజిస్టరైన ఏజెంటు సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోరాదు. ఊళ్లలో దళారులు అడిగే మొత్తాలను ఈ అంకెతో పోల్చి చూసుకోండి.

గల్ఫ్‌కు చేరాక రెండో చిక్కు ఎదురవుతుంది. యజమాని, అంటే కఫీల్, పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకుంటాడు. జీతం సరిగా రాక, పని భరించలేక బయటపడిన కార్మికుడు పత్రం లేని మనిషి అవుతాడు. మన గల్ఫ్ వలస కుటుంబాల్లో ఇలాంటి వారిని ఖల్లివెల్లి అంటారు. వీరు స్వదేశం రావాలంటే భారత రాయబార కార్యాలయం ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ కావాలి. అందరూ ఔట్‌పాస్ అనే ఈ కాగితం ఒకవైపు ప్రయాణానికి మాత్రమే చెల్లుతుంది. 2018లో కువైట్, యూఏఈ ప్రభుత్వాలు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు దీనితోనే ఎందరో ఇల్లు చేరారు. కార్మికుడి పాస్‌పోర్టును యజమాని దాచుకోవడం ఆ దేశాల్లో కూడా ఒప్పు కాదు. ఉదాహరణకు ఖతర్‌లో 2015 నాటి 21వ చట్టం ప్రకారం నివాస అనుమతి పనులు పూర్తి కాగానే పాస్‌పోర్టు తిరిగి ఇవ్వాలి. కార్మికుడు రాతపూర్వకంగా కోరితేనే యజమాని ఉంచుకోవచ్చు. ఉల్లంఘిస్తే 25 వేల రియాళ్ల వరకు జరిమానా.

2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఈసీఆర్ వర్గం వారికి నారింజ రంగు అట్టతో పాస్‌పోర్టు ఇవ్వాలని నిర్ణయించింది. పేదలను, చదువు లేనివారిని రంగుతో వేరు చేయడమేమిటని తీవ్ర విమర్శ వచ్చింది. ఆ నెలాఖరుకే ఆ నిర్ణయాన్ని ఉపసంహరించుకున్నారు. రక్షణ కోసం వేరు చేయడం ఎక్కడ ఆగి, చిన్నచూపు ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్న ట్రాన్స్‌వాల్ నుంచి నేటి దాకా అదే. ఈసీఆర్ రద్దు చేస్తే దళారుల చేతికి కూలీని పూర్తిగా అప్పగించినట్లవుతుందని కొందరి వాదన. ఉంచితే పౌరుల్లో రెండు తరగతులను కొనసాగించినట్లేనని మరికొందరి వాదన. ఈ రచయిత అభిప్రాయంలో తప్పు తనిఖీలో లేదు, తనిఖీ భారమంతా కార్మికుడి మీద మోపడంలో ఉంది. ప్రశ్నించవలసింది వెళ్లే మనిషి చదువును కాదు, పంపే ఏజెంటు లైసెన్సును, పిలిచే యజమాని ఒప్పందాన్ని.

9. పాస్‌పోర్టుదారు తెలుసుకోవలసిన నియమాలు

(1) యాజమాన్యం: 17వ సెక్షను ప్రకారం పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి. మనం దాన్ని ఉపయోగించుకునేవారమే. కనుక అప్పుకు తాకట్టు పెట్టడానికి, కుదువ పెట్టుకోవడానికి అది పొలం కాగితం వంటిది కాదు.

(2) ఎవరి వద్ద ఉండాలి: పాస్‌పోర్టు వెనుక భాగంలోని సూచనల ప్రకారం అది దారు వద్దగాని, ఆయన అధికారం ఇచ్చిన వ్యక్తి వద్దగాని ఉండాలి. ఒక దేశం నుంచి మరో దేశానికి తపాలాలో పంపకూడదు. పోతే వెంటనే పోలీసులకు, పాస్‌పోర్టు కార్యాలయానికి, విదేశంలో ఉంటే భారత రాయబార కార్యాలయానికి తెలపాలి.

(3) పోలీసుల అధికారం: దర్యాప్తులో భాగంగా పోలీసులు పాస్‌పోర్టును పట్టుకోవచ్చు. కానీ చట్టపరంగా స్వాధీనంలో ఉంచుకునే అధికారం 10వ సెక్షను కింద పాస్‌పోర్టు అధికారిదే. 2008 జనవరిలో సురేష్ నందా కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరించింది.

(4) క్రిమినల్ కేసు: ఠాణాలో ఎఫ్‌ఐఆర్ ఉన్నంత మాత్రాన కోర్టులో కేసు పెండింగ్ ఉన్నట్లు కాదు. కోర్టు కేసును విచారణకు స్వీకరించాక మాత్రమే 6వ సెక్షనులోని అభ్యంతరం వర్తిస్తుంది. అప్పుడు కూడా 1993 ఆగస్టు 25 నాటి ప్రకటన ప్రకారం ఆ కోర్టు అనుమతితో నిర్ణీత కాలానికి పాస్‌పోర్టు పొందవచ్చు.

(5) నేరాలు: దరఖాస్తులో తప్పుడు సమాచారం ఇవ్వడం, ఉన్న విషయం దాచడం, మరొకరి పాస్‌పోర్టు వాడడం, తనది మరొకరిని వాడనివ్వడం 12వ సెక్షను కింద నేరాలు. రెండేళ్ల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దళారి నింపిన ఫారం మీద సంతకం పెట్టే ముందు ప్రతి గడీ చదవాలని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

(6) తల్లిదండ్రుల పేర్లు: 2016 డిసెంబరు మార్పుల తరువాత తల్లి లేదా తండ్రి ఒక్కరి పేరు ఇచ్చినా చాలు. వివాహ ధ్రువపత్రం తప్పనిసరి కాదు. సాధువులు, సన్యాసులు తమ గురువు పేరు రాయవచ్చు, అయితే ఓటరు కార్డు వంటి ఏదో ఒక ప్రభుత్వ పత్రంలో ఆ పేరు ఉండాలి.

(7) పుట్టిన తేదీ: 2023 అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారికి జనన ధ్రువపత్రం ఒక్కటే ఆధారం. పంచాయతీలో జననం నమోదు చేయించడంలో ఇక అలసత్వం పనికిరాదు. అంతకు ముందు పుట్టినవారు బడి టీసీ వంటి ఇతర పత్రాలు కూడా చూపవచ్చు.

(8) గడువు: పెద్దలకు 10 ఏళ్లు. పిల్లలకు 5 ఏళ్లు లేదా 18 నిండే వరకు, ఏది ముందైతే అది. గడువు తీరితే పాత పుస్తకాన్ని పొడిగించరు, కొత్త నంబరుతో కొత్త పుస్తకం ఇస్తారు.

(9) పాస్‌పోర్టు లేని ప్రయాణం: నేపాల్, భూటాన్‌లకు భారత పౌరులు ఓటరు గుర్తింపు కార్డుతో వెళ్లవచ్చు.

2017 జనవరి నుంచి తపాలా కార్యాలయాల్లో పాస్‌పోర్టు సేవా కేంద్రాలు తెరవడం మొదలైంది. ఒకప్పుడు సికింద్రాబాద్ కార్యాలయం ముందు తెల్లవారుజాము నుంచి నిలబడిన పల్లెవాసికి ఇప్పుడు సేవ దగ్గరైంది. దగ్గర కావలసింది ఇక నియమాల పరిజ్ఞానం.

10. సారాంశం

కౌటిల్యుని ముద్ర రాకపోకలపై అదుపు. గణపతిదేవుని శాసనం పరాయివాడికి అభయం. వలస పాలనలో కూలీ పాసు, ప్రయాణికుడి పాస్‌పోర్టు వేర్వేరుగా పెరిగాయి. 1917లో యుద్ధ అవసరంగా వచ్చిన పాస్‌పోర్టు శాశ్వతమైంది. 1967లో కోకా సుబ్బారావు తీర్పు దాన్ని ప్రభుత్వ దయ నుంచి పౌరుడి హక్కు స్థాయికి తెచ్చింది. 1978 తీర్పు ఆ హక్కును పరిమితం చేసే పద్ధతి న్యాయంగా ఉండాలని చెప్పింది. కానీ ఈసీఆర్ విధానంలో కూలీ పాసు ఛాయ ఇంకా ఉంది. హక్కు చట్టంలో ఉన్నా, కౌడిపల్లి నుంచి బయలుదేరే కార్మికుడి పాస్‌పోర్టు అతడి జేబులో ఉంటేనే అది అతడి హక్కు అవుతుంది.

కీలక పదాలు

అభయ శాసనం: రక్షణ హామీ ఇస్తూ పాలకుడు వేయించిన శాసనం.
కార్తాజ్: పోర్చుగీసువారు ఓడలకు ఇచ్చిన అనుమతి పత్రం.
ఈసీఆర్: ఉద్యోగానికి వెళ్లేముందు వలస అనుమతి అవసరమని తెలిపే గుర్తు.
కఫీల్: గల్ఫ్ దేశాల్లో కార్మికుడికి బాధ్యుడైన యజమాని.
ఔట్‌పాస్: స్వదేశం చేరడానికి మాత్రమే చెల్లే అత్యవసర ప్రయాణ పత్రం.

నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. వలస పాలన కాలంలో కూలీ పాసు, పాస్‌పోర్టుల మధ్య తేడాను తెలుగువారి వలసల నేపథ్యంలో చర్చించండి.
2. విదేశ ప్రయాణ హక్కు వికాసంలో 1967, 1978 తీర్పుల పాత్రను వివరించండి.

II. ఈ ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 1983 వలసల చట్టంలోని ముఖ్యాంశాలు.
2. నారింజ రంగు పాస్‌పోర్టు ప్రతిపాదనపై వచ్చిన విమర్శ.
3. మీ గ్రామం నుంచి విదేశాలకు వెళ్లివచ్చిన ఒకరిని కలిసి, వారి పాస్‌పోర్టు అక్కడ ఎవరి వద్ద ఉండేదో అడిగి తెలుసుకోండి. వారి పేరు రాయకుండా, మీరు విన్నదాన్ని ఈ పాఠంలోని నియమాలతో పోల్చండి.